బిగించడం వేరు, తయారు చేయడం వేరు

(రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లను మాత్రమే తొలగించాం.)

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీకందరికీ నమస్కారం. వర్ధమాన దేశం తన సొంత విద్యుత్ వాహన పరిశ్రమను ఎలా నిర్మించుకోవాలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఇందులో నేను ఒకే ఒక్క మాట దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. అది ‘విద్యుత్’ అన్న మాట కాదు, ‘వాహన’ అన్న మాట కూడా కాదు. ‘సొంత’ అన్న మాట. ఒక వాహనం సొంతమైనదని ఎప్పుడు అనవచ్చు? దేశం నేల మీద బిగిస్తే సొంతమైనట్టా? పేరు దేశభాషలో పెడితే సొంతమైనట్టా? వాటాలు దేశంలోని వారి చేతుల్లో ఉంటే చాలా? మీలో కొందరు నవ్వుతున్నారు కానీ, చాలా దేశాల ప్రభుత్వాలు రాయితీలు పంచేటప్పుడు ఈ మూడింటిలో ఏదో ఒకదానితోనే సరిపెట్టుకున్నాయి.

ఒక చిన్న సంఘటన చెబుతాను. కొన్నేళ్ల క్రితం మూడు చక్రాల విద్యుత్ బండ్లు తయారు చేసే ఒక సంస్థకు వెళ్లాను. పేరు మనకు అక్కర్లేదు. షెడ్డు శుభ్రంగా ఉంది. చట్రం వాళ్లే వెల్డింగ్ చేసుకుంటున్నారు, రంగు వాళ్లే వేసుకుంటున్నారు, వైరింగ్ కూడా అక్కడే కడుతున్నారు. చూస్తే ముచ్చటేసింది. కానీ ఒక మూలన ఇరవై బండ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఏమైందని అడిగాను. ఛార్జింగు పూర్తికాకుండానే ఆగిపోతోందన్నారు. ఆ బ్యాటరీ ప్యాకులో పదహారు సెల్స్, అంటే చిన్న చిన్న బ్యాటరీలు, వరుసగా కలిపి ఉన్నాయి. లిథియం బ్యాటరీల్లో ఐరన్ ఫాస్ఫేట్ రకం. వాటిలో ఒక సెల్ మిగతావాటికంటే ముందే 3.65 వోల్టులకు చేరిపోతే, ప్రమాదం జరగకుండా మొత్తం ఛార్జింగును ఆపేసే ఒక సర్క్యూట్ బోర్డు ఉంటుంది. దాన్నే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టం అంటాం. సెల్స్‌ను ఒక మట్టానికి తెచ్చే పని ఏ వోల్టేజీ దగ్గర మొదలుకావాలో ఆ అంకెను ఆ బోర్డులో కాస్త తగ్గిస్తే సమస్య తీరిపోతుంది. ఒక్క అంకె! అక్కడి ఇంజనీరు, కుర్రవాడు, ల్యాప్‌టాప్ తగిలించి నాకు చూపించాడు. తెర మీద అంకెలన్నీ కనిపిస్తున్నాయి. మార్చబోతే పాస్‌వర్డ్ అడుగుతోంది. ఆ పాస్‌వర్డ్ బోర్డు అమ్మినవాడి దగ్గర, సముద్రానికి అవతల ఉంది. మెయిల్ పంపి పదకొండు రోజులైందన్నాడు.

బండి ముందు భాగాన పెద్ద అక్షరాలతో ఆ సంస్థ పేరే ఉంది. మరి ఆ బండి ఎవరిది?

అందుకే నేను ‘సొంత’ అన్న మాటకు ఇలా అర్థం చెప్పుకుంటాను. చెడిపోయినప్పుడు విప్పి, కారణం తెలుసుకుని, మార్చి, మళ్లీ మూయగల స్తోమత ఎవరికి ఉందో ఆ వాహనం వారిది. బిగించడం వేరు, తయారు చేయడం వేరు. ఈ తేడాను మనసులో పెట్టుకుని, కొన్ని దేశాలు ఏం చేశాయో చూద్దాం.

ముందుగా, ఈ అవకాశం ఇప్పుడే ఎందుకు వచ్చిందన్నది చూడాలి. పెట్రోలు ఇంజను, గేర్‌బాక్సు, వాటి వెనుక నూరేళ్ల లోహశాస్త్రం, పొగ నియంత్రణ పరిజ్ఞానం — ఇవన్నీ కలిసి ఒక గోడలా ఉండేవి. ఆలస్యంగా వచ్చిన దేశం ఆ గోడ ఎక్కడం చాలా కష్టం. ఎక్కినవాళ్లు లేకపోలేదు. దక్షిణ కొరియాలో హ్యుందాయ్ సంస్థ 1975లో పోనీ అనే కారును బయటికి తెచ్చింది. మలేసియా 1983లో ప్రోటాన్ అనే జాతీయ కార్ల సంస్థను మిత్సుబిషి సాయంతో ప్రారంభించింది. రెండు దేశాలూ సొంత సంస్థలకు సుంకాల గొడుగు పట్టాయి. గొడుగు ఒకటే, ఫలితం ఒకటి కాదు. కొరియాలో గొడుగు కింద ఉన్నవాణ్ని ఎగుమతి చేయమని ప్రభుత్వం వెంటపడింది, బయటి కొనుగోలుదారు ముందు నిలబెట్టింది. మలేసియాలో ఇంటి మార్కెట్టు మీదే బతకడానికి వీలు కలిగింది. చివరికి 2017లో ప్రోటాన్‌లో 49.9 శాతం వాటా చైనాకు చెందిన గీలీ చేతికి వెళ్లింది. నేను మలేసియాను తక్కువ చేసి మాట్లాడడం లేదు. రక్షణ ఇవ్వడం తప్పని కూడా అనడం లేదు. రక్షణ అంటే కొంత సమయం కొని ఇవ్వడం. ఆ సమయంలో ఎవరు ఏం నేర్చుకున్నారని అడిగే నాథుడు ఉన్నాడా లేడా, అదే అసలు ప్రశ్న.

విద్యుత్ వాహనంలో ఇంజను లేదు, గేర్లు దాదాపు లేవు, కదిలే భాగాలు చాలా తక్కువ. కాబట్టి గోడ కూలిపోయిందని అందరూ సంబరపడ్డారు. కూలలేదండీ, పక్కకు జరిగింది. ఇప్పుడది బ్యాటరీ సెల్ దగ్గర ఉంది. వాహనం ఖరీదులో దాదాపు మూడో వంతు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ, బ్యాటరీదే. 2010 ప్రాంతంలో కిలోవాట్ అవర్‌కు, అంటే మన కరెంటు బిల్లులోని ఒక యూనిట్ పట్టే బ్యాటరీకి, 1,000 డాలర్లకు పైగా ఉన్న ప్యాకు సగటు ధర 2024 నాటికి 115 డాలర్ల దగ్గరికి దిగిందని బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ అనే ఇంధన రంగ పరిశోధన సంస్థ లెక్క కట్టింది. ఈ తగ్గుదలలో రసాయన శాస్త్రం పాలు ఎంతో ఉంది కానీ, ఫ్యాక్టరీ నేల మీద రోజూ జరిగిన చిన్న చిన్న దిద్దుబాట్ల పాలు కూడా అంతే ఉందని నా నమ్మకం.

సెల్ ఎలా తయారవుతుందో చూడనివారికి రెండు మాటల్లో చెబుతాను. ముందు రెండు రకాల పొడులు. వాటిని విడివిడిగా జిగురుతో, ద్రావకంతో కలిపి దోసెల పిండిలా జారుగా చేస్తారు. ఒక ముద్దను రాగి రేకు మీద, రెండో ముద్దను అల్యూమినియం రేకు మీద పూస్తారు. ఆ పూత మందం కొన్ని పదుల మైక్రాన్లు, అంటే ఇంచుమించు తల వెంట్రుకంత. కిలోమీటర్ల పొడవున ఎక్కడా తేడా రాకూడదు. ఆరబెట్టాలి, రోలర్ల మధ్య నొక్కాలి, కత్తిరించాలి. కత్తిరించేటప్పుడు అంచున ఒక చిన్న లోహపు ముల్లు లేచినా అది తర్వాత లోపల షార్ట్ సర్క్యూట్ కావచ్చు. ఆ పైన చుట్టాలి, విద్యుదావేశాన్ని మోసే ద్రవం, అంటే ఎలక్ట్రోలైటు, పోయాలి. ఇది జరిగే గదిలో గాలి ఎంత పొడిగా ఉండాలంటే, మైనస్ 40 డిగ్రీలకు చల్లబరిచినా మంచు బిందువు కట్టకూడదు. లోపల పనిచేసే మనిషి ఊపిరిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకుంటారు. చివరికి రోజుల తరబడి నెమ్మదిగా ఛార్జి చేసి, పక్కన పెట్టి, కనిపెట్టి ఉండాలి. నూరు సెల్స్ చేస్తే ఎన్ని పనికొస్తాయి? దీన్ని దిగుబడి అంటారు. పొలంలో వాడే మాటే ఇక్కడా సరిగ్గా అతుకుతుంది, ఎందుకంటే ఇక్కడా విత్తనం, ఎరువు, నీరు అన్నీ ఉన్నా సేద్యం తెలియకపోతే పంట రాదు.

ఇది పేద దేశాల సమస్య మాత్రమే అనుకోకండి. స్వీడన్‌లో నార్త్‌వోల్ట్ అనే సంస్థ 2016లో మొదలైంది. యూరప్‌కు సొంత బ్యాటరీ సంస్థగా దాన్ని చూశారు, వందల కోట్ల డాలర్లు వచ్చి పడ్డాయి, పెద్ద పెద్ద కార్ల కంపెనీలు ముందుగానే ఆర్డర్లు ఇచ్చాయి. నాణ్యమైన సెల్స్‌ను అనుకున్న సంఖ్యలో ఇవ్వలేకపోయింది. 2025 మార్చిలో స్వీడన్‌లో దివాలా దాఖలు చేసింది. డబ్బు ఉంది, విద్యుత్తు చవక, చదువుకున్న మనుషులు ఉన్నారు. దిగుబడి రాలేదు.

మరి చైనాకు ఎలా వచ్చింది? సబ్సిడీలు గుమ్మరించారు కాబట్టి వచ్చిందని తేలిగ్గా తేల్చేస్తుంటారు. సబ్సిడీలు ఇచ్చిన మాట నిజమే. 2001లో పరిశోధన పథకంతో మొదలుపెట్టి, 2009లో ‘పది నగరాలు, వెయ్యి వాహనాలు’ అన్న కార్యక్రమంతో వీధుల్లోకి తెచ్చి, 2022 చివరి వరకు కొనుగోలుదారుకు కేంద్ర రాయితీ ఇచ్చారు. మధ్యలో మోసాలు కూడా జరిగాయి. తయారు చేయని బస్సులకు రాయితీ తీసుకున్న సంస్థలను 2016లో ఆ దేశపు ఆర్థిక శాఖే పేర్లు పెట్టి బయటపెట్టింది. కానీ అంతకుముందు కథ ఒకటి ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. ఇవాళ విద్యుత్ కార్లకు పేరున్న బీవైడీ 1995లో షెన్‌జెన్‌ నగరంలో పుట్టినప్పుడు అది కార్ల సంస్థ కాదు, మొబైల్ ఫోన్ల వంటి వాటికి బ్యాటరీలు చేసే సంస్థ. ఒక చిన్న కార్ల కంపెనీని కొని ఆ రంగంలోకి వచ్చింది 2003లో. వాహనాల బ్యాటరీలు చేసే పెద్ద సంస్థ సీఏటీఎల్ 2011లో ఏర్పడింది, అది కూడా ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు బ్యాటరీలు చేసే సంస్థ నుంచి విడివడినదే. అంటే వాళ్లు కారు నుంచి బ్యాటరీకి రాలేదు, బ్యాటరీ నుంచి కారుకు వచ్చారు. పదేళ్లకు పైగా చిన్న సెల్స్ చేసి, తుక్కు పోగేసుకుని, దిగుబడి పెంచుకుని, ఆ తర్వాతే వాహనం దాకా వెళ్లారు.

ఇంకో సంగతి. 2015 నుంచి 2019 వరకు చైనా ఒక ఆమోదిత జాబితా నడిపింది. అందులోని సంస్థల బ్యాటరీలు వాడిన వాహనాలకే రాయితీ దక్కేది. కొరియా కంపెనీలు ఆచరణలో బయటే ఉండిపోయాయి. 2019లో ఆ జాబితా తీసేశారు. అదే సంవత్సరం చివరికి టెస్లా, స్థానిక భాగస్వామి లేకుండా, షాంఘైలో కార్లు తయారు చేయడం మొదలుపెట్టింది. గమనించారా? ముందు గొడుగు పట్టారు, తర్వాత గొడుగు తీసి గట్టి పోటీదారును పక్కనే తెచ్చి కూర్చోబెట్టారు. మొదటి సగాన్ని అందరూ అనుకరిస్తారు. రెండో సగం దగ్గర ఏ ప్రభుత్వానికీ చేతులు రావు.

అయితే చైనా దారి అందరిదీ కాగలదా? కాజాలదు. అంత ఇంటి మార్కెట్టు ఇంకెవరికి ఉంది? కాబట్టి చిన్న దేశం, మధ్యస్థమైన దేశం వేరే చోట మొదలుపెట్టాలి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నదే నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలుచుకున్న విషయం. కారుతో మొదలుపెట్టకండి. కారు పక్కన నిలబడి ఫోటో దిగితే బాగుంటుంది, నాకు తెలుసు. ద్విచక్ర వాహనం పక్కన నిలబడితే అంత హుందాగా ఉండదు. కానీ లెక్క చూడండి. ఒక స్కూటరు బ్యాటరీ రెండు నుంచి నాలుగు కిలోవాట్ అవర్లు. ఒక కారు బ్యాటరీ యాభై, అరవై. అంటే ఒక కారుకు పట్టే సెల్స్‌తో పదిహేను, ఇరవై స్కూటర్లు నడుస్తాయి, అంతమంది ఇంధనం ఆదా చేసుకుంటారు. ప్యాకు చిన్నది కాబట్టి తప్పు చేస్తే నష్టం కూడా చిన్నదే. ఇంకా ముఖ్యమైనది, ప్రపంచంలోని పెద్ద కార్ల కంపెనీలకు మూడు చక్రాల బండి అన్నది పట్టని విషయం. అక్కడ పోటీకి వచ్చే కొండలు లేవు. భారతదేశంలో ఈ-రిక్షాలు మొదట ఏ పారిశ్రామిక విధానమూ పిలవకుండానే, సీసం-ఆమ్లం బ్యాటరీలతో, చిన్న చిన్న షెడ్డుల్లోంచి వచ్చాయి. అవి అందంగా లేవు, భద్రత అంతంతమాత్రం. అయినా 2023 నాటికి విద్యుత్ త్రిచక్ర వాహనాల అమ్మకాల్లో భారత్ చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ చెప్పింది. రువాండా రాజధాని కిగాలీలో బైకు ట్యాక్సీలకు బ్యాటరీ మార్పిడి కేంద్రాలు వచ్చాయి. నడిపేవాడు ఖాళీ అయిన బ్యాటరీ ఇచ్చి నిండినది పట్టుకుపోతాడు. రోజంతా తిరిగే బండి కాబట్టి ఇంధనం మీద మిగిలేది రోజూ కంటికి కనిపిస్తుంది.

బస్సు కూడా మంచి ఆరంభమే, ఎందుకంటే కొనేది చాలాచోట్ల ప్రభుత్వమే. షెన్‌జెన్ నగరం 2017 నాటికి తన 16,000కు పైగా బస్సులను పూర్తిగా విద్యుత్తుకు మార్చింది. ఏ డిపోలో ఎన్ని, ఏ దారిలో ఎంత దూరం, రాత్రి ఎప్పుడు ఛార్జింగు — అన్నీ ముందే తెలిసిన బండి అది. తయారీదారుకు అంతకంటే మంచి బడి ఏముంటుంది?

కారుతోనే మొదలుపెట్టినవారు లేరా అంటే ఉన్నారు. వియత్నాంలో విన్‌ఫాస్ట్ 2017లో పుట్టి, 2019లో ఫ్యాక్టరీ తెరిచి, 2022లో పెట్రోలు కార్ల తయారీ ఆపేసింది. ఆ వేగం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది, దాని వెనుక ఉన్న సాహసాన్ని గౌరవిస్తాను. కానీ ఏటేటా వచ్చిన భారీ నష్టాలను మాతృసంస్థ, దాని స్థాపకుడు భరిస్తూ వచ్చారు. ఒక సంపన్నుడి జేబు మీద నడిచే ప్రయోగాన్ని దేశ విధానంగా రాసుకోవడం కుదరదు.

ఖనిజం ఉన్న దేశాల సంగతి వేరు కదా అని మీలో ఎవరో అనుకుంటూ ఉండవచ్చు. ఇండోనేషియా నికెల్‌లో ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. 2020 జనవరి నుంచి ముడి ఖనిజం ఎగుమతిని నిషేధించి, శుద్ధి ఇక్కడే చేయండి అంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో యూరోపియన్ యూనియన్ వేసిన కేసులో 2022లో ఓడింది, అప్పీలుకు వెళ్లింది, నిషేధం మాత్రం కొనసాగించింది. శుద్ధి కర్మాగారాలు వచ్చాయి, ఎక్కువగా చైనా పెట్టుబడితో. అయితే ఆ నికెల్‌లో అధిక భాగం స్టెయిన్‌లెస్ స్టీలుకే పోతోంది. ఈలోగా నికెల్ అవసరమే లేని ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు ప్రపంచ విద్యుత్ వాహనాల్లో దాదాపు సగానికి చేరాయి. నేల కింద ఉన్నది బేరానికి పనికొస్తుంది, సందేహం లేదు. ఆ బేరంలో అవతలివాణ్ని ఏం అడిగామన్నది చూసుకోవాలి. కర్మాగారం పెట్టమన్నామా, ఆ కర్మాగారంలో ప్రక్రియ విభాగానికి దేశం ఇంజనీర్లను తీసుకోమన్నామా? రెండోది ఒప్పంద పత్రాల్లో చాలా అరుదుగా కనిపిస్తుంది.

థాయిలాండ్ మరో బేరం చేసింది. 2022లో, ముందు దిగుమతి చేసి అమ్ముకోండి, రాయితీ కూడా ఇస్తాం, కానీ దిగుమతి చేసినన్ని కార్లు 2024లో ఇక్కడ తయారు చేయాలి, 2025కు ఆలస్యం చేస్తే ఒకటికి ఒకటిన్నర చేయాలి అంది. తెలివైన షరతు. మార్కెట్టు, ఫ్యాక్టరీలు రెండూ వచ్చాయి. అయితే ఇంట్లో కార్ల అమ్మకాలు పడిపోయి, ధరల యుద్ధం మొదలై, 2024 చివర్లో గడువును సడలించవలసి వచ్చింది. ఎన్ని కార్లు చేశారన్న లెక్క అడిగితే కార్లు వస్తాయి. మోటారు ఎవరు డిజైన్ చేశారని అడగకపోతే అది రాదు.

స్థానికీకరణ షరతుల గురించి కూడా కాస్త నిజం మాట్లాడుకోవాలి. దేశీయ విడిభాగాల వాటా ఇంత శాతం ఉండాలని రాస్తే, కాగితం మీద ఆ శాతం తప్పకుండా వస్తుంది. భారతదేశంలో విద్యుత్ వాహనాలకు రాయితీ ఇచ్చే ఫేమ్ పథకం రెండో దశ 2019లో 10,000 కోట్ల రూపాయలతో మొదలైంది. దశలవారీ తయారీ నిబంధనలు పాటించకుండా దిగుమతి భాగాలు వాడారని తేలడంతో, తీసుకున్న రాయితీ తిరిగి కట్టమని 2023లో కొన్ని ద్విచక్ర వాహన సంస్థలను ప్రభుత్వం ఆదేశించింది. దీనికి ముందు ఏడాది, 2022లో, స్కూటర్లు తగలబడిన ఘటనలు జరిగాయి. ఆ తర్వాతే బ్యాటరీ భద్రతా ప్రమాణాలు గట్టిపడ్డాయి. సెల్స్ తయారీ కోసం 2021లో 18,100 కోట్లతో 50 గిగావాట్ అవర్ల లక్ష్యం పెట్టుకున్న పథకం అనుకున్న గడువుకు బాగా వెనుకబడింది. ఇది ఎవరినీ ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. సెల్ అన్నది ఆఖరి మెట్టు, దాన్ని మొదటి మెట్టుగా ఎక్కబోతే ఇలాగే ఉంటుంది. వరుస ఏమిటంటే — చట్రం, వైరింగ్, ఛార్జరు, తర్వాత మోటారు, దాన్ని అదుపు చేసే కంట్రోలరు, ఆ తర్వాత ప్యాకు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు, అప్పుడు సెల్. ఒక మెట్టు మీద నిలదొక్కుకున్నాక ఆ భాగం మీద సుంకం పెంచాలి. ఇంకా చేయలేని దాని మీద పెంచితే బండి ఖరీదై, కొనేవాడు పెట్రోలు బండి దగ్గరికే వెళతాడు.

మోటారు దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. చాలా మోటార్లలో అరుదైన మృత్తికా లోహాల అయస్కాంతాలు ఉంటాయి. 2025 ఏప్రిల్‌లో చైనా వాటి ఎగుమతి మీద అనుమతుల నియంత్రణ పెట్టగానే కొద్ది వారాల్లోనే అనేక దేశాల వాహన సంస్థలకు చెమటలు పట్టాయి. ఇనుప ఆక్సైడ్‌తో చేసే ఫెర్రైటు అయస్కాంతాలతో, అసలు అయస్కాంతమే లేకుండా కూడా మోటారు చేయవచ్చు. కాస్త బరువు ఎక్కువ, కాస్త సామర్థ్యం తక్కువ. నెమ్మదిగా తిరిగే మూడు చక్రాల బండికి ఆ తేడా భరించరానిది కాదు. ఇక్కడ ఒక చిన్న దేశానికి నిజంగా చోటు ఉంది.

పరిశ్రమ లేకుండా వాడకం పెంచుకోవడం తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. నేపాల్‌లో దిగుమతి అయ్యే కార్లలో సగానికి పైగా విద్యుత్తువే. ఇథియోపియా 2024లో పెట్రోలు, డీజిలు కార్ల దిగుమతినే నిషేధించింది. రెండు చోట్లా కారణం ఒకటే: జలవిద్యుత్తు ఇంట్లో ఉంది, ఇంధనం కొనడానికి విదేశీ మారకద్రవ్యం లేదు. అది సరైన లెక్కే. ఆ వాహనాలను బాగుచేసే మెకానిక్కులు తయారైతే, రేపటి పరిశ్రమకు మొదటి బడి అదే అవుతుంది. అందుకే బాగుచేయడానికి కావలసిన సమాచారం, అంటే సర్క్యూట్ పటాలు, లోపాల సంకేతాలు, పాస్‌వర్డులు, దేశంలోకి బండి వచ్చేటప్పుడే ఇచ్చి తీరాలని షరతు పెట్టాలంటాను. దీనికి ఖజానా నుంచి ఒక్క పైసా ఖర్చు కాదు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఆ ఇరవై బండ్ల సంగతి చెప్పి ముగిస్తాను. పాస్‌వర్డ్ మూడో వారంలో వచ్చింది. కానీ ఆ కుర్రవాడు అప్పటికే విసిగి, సొంతంగా కోడు రాసుకోవడానికి వీలున్న ఒక బోర్డు తెప్పించుకున్నాడు. ఎనిమిది నెలలు పట్టింది. మొదటిసారి ఉష్ణోగ్రత కొలిచే సెన్సరును ప్యాకు అంచున పెట్టాడు, నడుమ ఉన్న సెల్స్ వేడెక్కినా బోర్డుకు తెలియలేదు. విప్పి, నడుమకు మార్చాడు. రెండోసారి చలికాలంలో ఛార్జింగు శాతం తప్పు చూపించింది. దాన్నీ సరిచేశాడు. ఆ మధ్య మళ్లీ వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ తగిలించి చూపించాడు. ఈ బోర్డుకూ పాస్‌వర్డ్ ఉంది, ఈసారి పెట్టింది అతనే. ఏమిటని అడిగితే నవ్వాడు కానీ చెప్పలేదు.

ప్రశ్నలుంటే అడగండి.